పూత మందు ఇచ్చినా తగ్గని పిల్లల చర్మం: వార్డుల, ఇంట్ల, హాస్టళ్ల మీరెట్ల చేస్తున్నరు?

కొత్త_సిస్టర్_నల్లగొండ
అందరికి నమస్తే. పిల్లల వార్డుల కొత్తగ చేరిన. జీఎన్‌ఎం నర్సింగ్ కోర్సుల చర్మం గురించి ఒక్క చాప్టర్ చదివినం, అయిపోయింది. ఇక్కడ చూస్తే వానలు మొదలైన కాడి నుంచి గోక్కుంట వచ్చే పిల్లలే పిల్లలు. డాక్టర్ చీటి రాస్తరు, నేను "పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి రాయమ్మా" అంట, తల్లి తలూపి పోతది. కొన్ని రోజులకు అదే పిల్ల మల్ల వస్తది, సంచిల అదే ట్యూబు సగం మిగిలి ఉంటది. లోపం ఏడున్నది? మీ దగ్గర తల్లులకు ఎట్ల చెప్తున్నరు? సీనియర్ అక్కలు జర చెప్పుర్రి.

పాలమూరు_హెడ్‌నర్స్
చెల్లె, ట్యూబు సగం మిగిలింది అన్నవు చూడు, నీ జవాబు అండ్లనే ఉన్నది. "రాయమ్మా" అంటే ఎవరికి వాళ్లు ఒక లెక్క పెట్టుకుంటరు. ఒకామె బొట్టు పెట్టినట్టు పెడ్తది, ఇంకొకామె గోడకు సున్నం ఏసినట్టు ఏస్తది.

నేను తల్లిని నా ముందల్నే రాయమంట. ట్యూబు మూత తీసి ఆమె చూపుడు వేలు కొస నుంచి మొదటి గీత దాక మందు పిండిపిస్త. అది ఇంచుమించు అర గ్రాము. పెద్దవాళ్ల రెండు అరచేతులు వేళ్లతో సహా ఎంత జాగ కప్పుతయో అంత జాగకు అది సరిపోతది. ఏడాది నుంచి రెండేండ్ల బిడ్డకు ఒక చెయ్యి మొత్తం ఉంటే ఒకటిన్నర వేలు, కాలు మొత్తం ఉంటే రెండు వేళ్లు, వీపంతా ఉంటే మూడు. వేలు తల్లిదే, బిడ్డది కాదు. ఇది ఒక్కసారి చేతితో చేసి చూపిస్తే మల్ల మర్చిపోరు. చదువు రాని తల్లి కూడ "రెండు వేళ్ల మందు" అని గుర్తు పెట్టుకుంటది.

ఇంకోటి, రుద్దొద్దు. వెంట్రుకలు ఏ దిక్కు పోతయో ఆ దిక్కు మెల్లగ పాముతే చాలు.

కల్వకుర్తి_అమ్మ
నేను నర్సును కాదు, తల్లిని. మా పాపకు ఎగ్జిమా (తోలు ఎండి, ఎర్రగై దురద పెట్టే రోగం), మోచేతి మడతల, మోకాళ్ల ఎనక. మీరందరు "ఎందుకు రాస్తలేరు" అంటున్నరు గద, నేను చెప్త. భయం. ఇంటి పక్కామె "అది స్టెరాయిడ్, పిల్ల తోలు పలచనైతది, ఎదుగుడు ఆగుతది" అన్నది. ఫోన్ల చూస్తే ఇంకా ఘోరంగ రాసిన్రు. డాక్టర్‌ను అడుగుదామంటే ఎనక లైను గుంజుతున్నది. ఇంటికొచ్చి ఎర్రగైనప్పుడు పెట్టుడు, జర తగ్గంగనే ఆపుడు. అట్ల పెట్టుకుంట ఆపుకుంట నడిచింది.

మిర్యాలగూడ_ఫార్మసీ
అక్కా, నీ భయం ఉత్తగది కాదు, కాని తప్పు మందు మీద పెట్టుకున్నవు. నేను కౌంటర్ల నిలబడి రోజూ చూస్త. డాక్టర్ రాసిచ్చిన హైడ్రోకార్టిసోన్ 1% అంటే తల్లులు భయపడ్తరు. అది అన్నిట్ల మెత్తటిది. అదే మనిషి మల్లొచ్చి "దురదకు ఏదన్న మంచిది ఇయ్యి" అని క్లోబెటాసాల్ కలిసిన ట్యూబు అడుగుతడు. అండ్ల స్టెరాయిడ్, యాంటీబయాటిక్, తామర మందు అన్నీ కలిపి ఉంటయి. క్లోబెటాసాల్ స్టెరాయిడ్లల్ల అన్నిటికన్నా గట్టిది, పసిపిల్లల మీద వాడేది కాదు. రెండు రోజుల్ల మాయమైనట్టు కనపడ్తది గనుక జనానికి నచ్చుతది. నిజానికి అది తామర అయితే లోపల పాకుకుంట పోతది, అంచులు చెదిరిపోయి రేపు డాక్టర్ కూడ గుర్తుపట్టలేని తీరు అయితది.

2018ల కేంద్రం చాలా స్టెరాయిడ్ పూతలను షెడ్యూల్ హెచ్‌ల పెట్టింది, చీటి లేకుంట అమ్మొద్దని. కాయితం మీద ఉన్నది. ఆ కాయితం ఊర్లల్ల దుకాణం దాక ఎంత చేరిందో నేను చెప్పక్కర్లేదు.

స్కిన్_పీజీ
పైన ఫార్మసీ అన్న రాసింది నిజం. కల్వకుర్తి అక్కకు ఒక మాట. మెత్తటి స్టెరాయిడ్‌ను చెప్పినన్ని రోజులు, చెప్పిన చోట, చెప్పినంత రాస్తే తోలు పలచనవదు. పలచనయ్యేది నెలల తరబడి, మొహం మీద, చంకల్ల, గజ్జల్ల, గట్టి మందును అడగకుంట రాసినప్పుడు. పిల్లలకు న్యాపీ కట్టే చోట ఇంకా జాగ్రత్త, గుడ్డ కప్పి ఉంటది గనుక మందు ఎక్కువ ఇంకుతది.

ఎర్రదనం పోయినంక కూడ చెయ్యి పెట్టి చూడుర్రి, గరుకుగ ఉందంటే ఇంకా తగ్గలేదన్నట్టే. కంటికి బాగైనట్టున్నా చేతికి తెలుస్తది. ఆ గరుకుదనం పోయేదాక రాయాలె. చాలామంది అంతకన్నా ముందే ఆపేస్తరు, గందుకే నాలుగు రోజులకే మల్ల లేస్తది.

కొత్త_సిస్టర్_నల్లగొండ
ఇది మాకు ఎవరు చెప్పలే సార్. ఇగ సబ్బు, స్నానం సంగతి చెప్పుర్రి. కొందరు తల్లులు "డాక్టర్ స్నానం వద్దన్నడు" అని వారం దాక పోయట్లేరు.

పాలమూరు_హెడ్‌నర్స్
స్నానం రోజూ పోయాలె. గోరువెచ్చటి నీళ్లు, ఐదు నుంచి పది నిమిషాలు, గంతే. కాగుల నుంచి దించిన ఎసరు నీళ్లు కాదు. సున్నిపిండి ఏసి రాకుడు, పీచుతో తోముడు ఎగ్జిమా పిల్లలకు బంద్. తువాలతో తుడవకుంట అద్దాలె. ఒళ్లు ఇంకా తడితడిగ ఉన్నప్పుడే మాయిశ్చరైజర్ పెట్టాలె, ఆరిపోయినంక పెడ్తే సగం లాభం పోతది. స్టెరాయిడ్‌కు, దీనికి నడుమ కనీసం పావుగంట ఎడం ఉంచుర్రి.

అసలు మందు మాయిశ్చరైజరే. దాన్ని "క్రీము" అంటే మొగాయన "సోకులకు పైసలెందుకు" అంటడు. నేను "తోలుకు తిండి" అంట. ఒళ్లంతా ఎగ్జిమా ఉన్న పిల్లకు వారానికి పావు కిలో దాక పట్టొచ్చు. చిన్న సీసా నెల రోజులు వచ్చిందంటే రాయట్లేదన్నట్టే.

దేవరకొండ_ఆశ
మేడం, వారానికి పావు కిలో అంటే మా తండాల ఎవరు కొంటరు? కూలికి పోయేటోళ్లు. సీసా ధర చూస్తే గుండె ఆగుతది.

పాలమూరు_హెడ్‌నర్స్
మంచి మాట అడిగినవు. వాసన లేని తెల్ల వాజలీన్ జాడీ అన్నిట్ల చవక, అది చాలు. జిడ్డుగ ఉంటది, ఎండకాలం పిల్లలు చిరాకు పడ్తరు, అప్పుడు పగటిపూట పలచగ, రాత్రి మందంగ. కొబ్బరినూనె కూడ మంచిదే, మన ఇండ్లల్ల ఉండేదే. ఆవనూనె మాత్రం వద్దు, అది పసిపిల్లల తోలును ఇంకా పాడు చేస్తది. జాడీలకు చేతులు పెట్టి తియ్యొద్దు, శుభ్రమైన చెంచాతో తియ్యుర్రి. లేకుంటే గోళ్లల్ల మురికంతా జాడీలకు పోతది.

ఇంకో సంగతి ఎవరు చెప్పరు. వాజలీన్, పారాఫిన్ క్రీములు ఇంకిన బట్టలకు మంట తొందరగ అంటుకుంటది. దీపం కాడ, కట్టెల పొయ్యి కాడ పిల్లను కూసోబెట్టొద్దు. ఉతికినా ఆ జిడ్డు పూర్తిగ పోదు.

మునుగోడు_మాస్టర్
ఇదంతా సరే గాని అసలు కారణం ఎవరు చెప్తలేరు. మా దిక్కు నీళ్లు. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి నడుములు వంగినయి, పండ్లు పచ్చబడ్డయి, ఇప్పుడు పిల్లల తోళ్లు కూడ. నీళ్లు మారనిది ఎన్ని పూతలు పూసినా దండుగ.

స్కిన్_పీజీ
మాస్టరూ, మునుగోడు, మర్రిగూడ బాధ తెలియనోళ్లు లేరు. కాని ఫ్లోరైడ్ పట్టేది పండ్లను, ఎముకలను. పిల్లల ఎగ్జిమాకు, గజ్జికి దాన్ని కారణం చేస్తే అసలు చికిత్స తప్పిపోతది. బోరు నీళ్ల ఉప్పదనం, గట్టిదనం వేరు, దానివల్ల సబ్బు సరిగ పోక ఒళ్లు పొడిబారుతది, నిజమే. ఇంగ్లండ్‌ల ఎగ్జిమా పిల్లల ఇండ్లల్ల నీళ్లను మెత్తబరిచే యంత్రాలు బిగించి చూసిన్రు, ఆ ఫలితం 2011ల వచ్చింది. మామూలు చికిత్స కన్నా అదనంగ లాభం ఏం కనపడలే. అంటే నీళ్లు మారేదాక ఆగే పని లేదు, సబ్బు తగ్గించి పూత పెంచాలె.

మునుగోడు_మాస్టర్
ఒప్పుకుంట. కాని నీళ్ల పోరాటం మేం ఆపం.

స్కిన్_పీజీ
ఆపమని ఎవరన్నరు సార్, పండ్ల కోసం, ఎముకల కోసం గట్టిగ చెయ్యుర్రి.

హాస్టల్_వార్డెన్_వనపర్తి_దిక్కు
నాది వేరే గోస. ఆడపిల్లల హాస్టల్. ఒకళ్లకు గజ్జి మొదలైంది, ఇప్పుడు గదులకు గదులే. మందు తెచ్చి పెట్టినం, తగ్గినట్టే అయ్యింది, దసరా సెలవులకు ఇంటికి పోయొచ్చిన్రు, మల్ల అందరికి. రాత్రిపూట గోకుడుకు పిల్లలు నిద్రపోక పొద్దున క్లాసుల తూగుతున్నరు. తల్లిదండ్రులు వచ్చి "హాస్టల్ల శుభ్రం లేదు" అని లొల్లి. ఏం చెయ్యాలె?

అచ్చంపేట_ఏఎన్ఎం
అమ్మా, గజ్జి మురికి రోగం కాదు, పురుగు రోగం. రోజూ స్నానం చేసే పిల్లకు కూడ వస్తది, ఒకే బొంతల పండుకుంటే చాలు. మొదట తల్లిదండ్రులకు ఈ మాట చెప్పుర్రి, సగం లొల్లి తగ్గుతది.

మీరు మందు పెట్టినప్పుడు గోకేటోళ్లకే పెట్టిన్రు కదా? ఆడనే తప్పుతది. మొదటిసారి సోకినప్పుడు దురద మొదలయ్యేందుకు నాలుగు నుంచి ఆరు వారాలు పడ్తది. అంటే ఇయ్యాల గోకనోళ్ల మీద కూడ పురుగు ఉండొచ్చు. గదులల్ల ఉన్నోళ్లందరికి, వంటామెకు, వాచ్‌మన్‌కు, మీకు, అందరికి ఒకటే రాత్రి పెట్టాలె. "నాకు లేదు" అన్నోళ్లను వదిలిపెడ్తే వాళ్లనుంచే మల్ల మొదలైతది.

పర్మెత్రిన్ 5% క్రీము. స్నానం చేసి ఒళ్లు పూర్తిగ ఆరి చల్లబడ్డంక, మెడ కింది నుంచి అరికాళ్ల దాక. ఏళ్ల నడుమ, మణికట్టు, బొడ్డు, చంకలు, నడుము, పిరుదులు, ముఖ్యంగ గోళ్ల కింద. ముందే గోళ్లు కత్తిరిచ్చుర్రి. చిన్నపిల్లలకైతే తల, మొహం కూడ, కండ్లు నోరు వదిలేసి. రాత్రి పెట్టి పొద్దున కడగాలె, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు ఉండాలె. నడుమల చేతులు కడిగితే చేతులకు మల్ల పెట్టాలె. ఈ ముక్క చానామంది మర్చిపోతరు, పిల్లలు అన్నం తిని చెయ్యి కడుక్కొని పండుకుంటరు, పురుగు ఎక్కువ ఉండేదేమో ఏళ్ల నడుమనే. గందుకే అన్నం తిన్నంకనే పెట్టుర్రి.

సరిగ్గ వారం తర్వాత మల్లొకసారి. తగ్గినా సరే.

హాస్టల్_వార్డెన్_వనపర్తి_దిక్కు
బట్టలు? బొంతలన్నీ కాల్చేయమని ఒకాయన చెప్పిండు.

అచ్చంపేట_ఏఎన్ఎం
ఏం కాల్చొద్దు! మనిషి ఒంటి మీది నుంచి దిగితే ఆ పురుగు రెండు మూడు రోజులకన్నా ఎక్కువ బతకదు. మందు పెట్టిన పొద్దునే, మొన్నటి నుంచి వాడిన చెద్దర్లు, అంగీలు, లంగాలు, తువాలలు వేడినీళ్లల్ల ఉతికి ఎండలేసుర్రి. ఉతకలేని బొంతలు, స్వెటర్లు పెద్ద ప్లాస్టిక్ సంచిల మూతి గట్టిగ కట్టి నాలుగైదు రోజులు పక్కకు పెట్టుర్రి, అవే చస్తయి. గోడలకు, నేలకు మందు కొట్టుడు అక్కర లేదు.

సెలవుల సంగతి. పిల్లలతోని చీటి రాసి పంపుర్రి, "ఇంట్ల గోకేటోళ్లు ఉంటే అందరు మందు పెట్టుకోవాలె" అని. సెలవుల నుంచి వచ్చిన రోజు సాయంత్రమే చేతులు చూడుర్రి. ఏళ్ల నడుమ సన్నటి గీతలు, చిన్న పొక్కులు కనపడ్తయి.

స్కిన్_పీజీ
అక్క చెప్పినదాన్ల ఒక్క అక్షరం మార్చేది లేదు. ఇంకో మాట కలుపుత. 2017ల ప్రపంచ ఆరోగ్య సంస్థ గజ్జిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితల చేర్చింది. ఫిజీ దీవుల్ల ఊరంతటికీ ఒకటేసారి ఐవర్‌మెక్టిన్ గోలీలిచ్చి చూసిన్రు, 2015ల అచ్చైంది. వంద మందిల 32 మందికి ఉన్న గజ్జి ఏడాదికి ఇద్దరికి తగ్గింది. గోకేటోళ్లకే మందిచ్చిన చోట అంత తగ్గలే. మీ హాస్టల్ కూడ ఒక ఊరే అనుకోర్రి.

కాని గోలీ సొంతంగ ఇయ్యొద్దు. 15 కిలోల లోపు పిల్లలకు, గర్భిణులకు ఇయ్యరు, బరువు లెక్క చూసి డాక్టరే రాయాలె. పాతకాలం గామా బెంజీన్ లోషన్ ఎవరన్న ఇస్తే పిల్లలకు పెట్టొద్దు, అది నరాల మీద పని చేస్తది, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉన్నది.

పాలమూరు_హెడ్‌నర్స్
పాలు తాగే బిడ్డ ఇంట్ల ఉంటే ఇంకో రెండు మాటలు. రెండు నెలలు నిండని బిడ్డకు పర్మెత్రిన్ పెట్టరు, డాక్టర్ వేరే పూత రాస్తరు, సల్ఫర్ కలిపింది. అంతకన్నా పెద్ద బిడ్డకు పెట్టినంక చేతులకు మెత్తటి సాక్స్ తొడుగుర్రి, లేకుంటే వేళ్లు నోట్ల పెట్టుకొని మందంతా నాకుతరు. తల్లి పాలిచ్చే ముందు రొమ్ము కడుక్కొని, ఇచ్చినంక ఆడ మల్ల పెట్టుకోవాలె.

గజ్జి పుండ్లల్ల చీము పట్టిందా చూడుర్రి. పసుపుపచ్చ పక్కులు కట్టినయంటే అది వేరే ఇన్‌ఫెక్షన్, దానికి మందు వేరే. అవి మానినంక మూడు నుంచి ఆరు వారాల్ల ఏ పిల్లకన్నా పొద్దున లేవంగ కండ్లు ఉబ్బి, మూత్రం చాయ డికాషన్ తీరు వస్తే "రాత్రి ఎక్కువ పండుకున్నదేమో" అనుకోవద్దు. కిడ్నీల సంగతి, ఆ రోజే దవాఖానకు తేవాలె. నేను వార్డుల ఇట్లాంటి పిల్లలను చూసిన, ఇంటోళ్లకు గజ్జికి కిడ్నీకి సంబంధం ఉంటదని కలల కూడ రాలే.

నాటు_వైద్యం_నాగర్‌కర్నూల్
ఇన్ని ఇంగ్లిష్ మందులు ఎందుకు? మా తాతల కాలం నుంచి వేపాకు నూరి పసుపు కలిపి పూస్తున్నం, పోతనే ఉన్నది. అమ్మ పోసినప్పుడు కూడ వేపమండలే.

దేవరకొండ_ఆశ
అన్నా, అమ్మ పోసినప్పుడు వేపమండ గుమ్మానికి కట్టుకుంటే, పక్కల పెట్టుకుంటే ఎవరు వద్దంటలేరు. ఒక రకంగ మంచిదే, చూసినోళ్లు ఇంట్లకు రారు, ఇంకొకరికి అంటదు. పోచమ్మకు మొక్కుకోర్రి. కాని తానం పోయకపోవుడు, తిండి పెట్టకపోవుడు మాత్రం వద్దు. నేను ఇండ్లకు పోతే చీకటి గదిల పిల్లను మూడు చెద్దర్లల్ల చుట్టి ఉంచుతరు, చెమటకు దురద ఇంకా ఎక్కువైతది. పలచటి నూలు బట్టలు, గోరువెచ్చటి నీళ్లు, గోళ్లు కత్తిరించుడు, గంజి, మజ్జిగ. జరానికి పారాసిటమాల్ ఒక్కటే. ఆస్పిరిన్ అస్సలు వద్దు, ఆటలమ్మల అది పిల్లల కాలేయానికి, మెదడుకు ఎక్కుతది. పొక్కులన్నీ పక్కు కట్టేదాక కడుపుతోని ఉన్నోళ్లను, బాలింతలను దూరం ఉంచాలె.

తట్టు అయితే వేరే. దగ్గు, కండ్లు ఎర్రగైతయి, మొహం నుంచి కిందికి దద్దులు దిగుతయి. అప్పుడు మాకు చెప్పుర్రి, విటమిన్ ఎ రెండు రోజులు వరుసగ పోపిస్తం, ఏడాది నిండిన బిడ్డకు రోజుకు 2 లక్షల యూనిట్ల లెక్క. దానితోని కండ్లు, ప్రాణం దక్కుతయి.

పాలమూరు_హెడ్‌నర్స్
వేప గురించి నాది ఒక్కటే మాట. పసిపిల్లలకు వేపనూనె తాగించొద్దు. "కడుపుల పురుగులు పోతయి" అని చెంచాడు పోస్తరు, ఫిట్స్ వచ్చి స్పృహ తప్పి తెస్తరు. పైన నూరి పూసుడు కూడ పచ్చి పుండ్ల మీద వద్దు.

ఇంక నల్లజీడి. దీని గురించి మాట్లాడకుంటే ఈ చర్చ అసంపూర్ణం. దిష్టికనో, నొప్పికనో జీడిగింజ కాల్చి ఆ చమురుతోని చుక్క పెడ్తరు. ఆ చమురు తోలును కాలుస్తది. ఒకసారి చంటిబిడ్డ వచ్చిండు, చెవి ఎనక చుక్క పెట్టిన్రు. ఆ చుక్క చుట్టు నల్లగ మాడి నీరు కారుతున్నది, ఆడి నుంచి బుగ్గ మీదికి బొబ్బలు గీతగీతగ దిగినయి, బిడ్డ చేతితోని రుద్దుకొని కంటి దాక తెచ్చుకున్నడు. అమ్మమ్మ ఏడుస్తనే ఉన్నది. నేనేం అనలే, అంత బాధల ఉన్న మనిషిని ఏమంటం. ఎవరన్న జీడి పెడ్తే వెంటనే ఎక్కువ నీళ్లు, సబ్బుతోని కడిగి తీసుకురార్రి.

నాటు_వైద్యం_నాగర్‌కర్నూల్
జీడి సంగతి ఒప్పుకుంట మేడం. అది మా తాత కూడ పిల్లలకు వద్దనేటోడు.

మిర్యాలగూడ_ఫార్మసీ
నడుమల ఒకటి. వానకాలం రాత్రి ట్యూబ్‌లైట్ల కాడికి వచ్చే సన్నటి పురుగు ఉంటది, నారింజ నలుపు పట్టీలు. మెడ మీద వాలితే పిల్లలు చేత్తో నలుపుతరు, తెల్లారేసరికి కాలిన గీత. ఊర్లె సర్పి అని జాజు పూపిస్తరు. సర్పి కాదది. నలపకుంట ఊది పంపాలె, నలిపితే సబ్బుతోని కడగాలె.

నకిరేకల్_నాన్న
నేను చానా రోజుల నుంచి చదువుతున్న, రాసుడు ఇదే మొదలు. మా బాబుకు పుట్టినప్పటి నుంచి ముట్టుకుంటే బొబ్బ. ఎత్తుకుంటే చంకల కింద తోలు లేస్తది. ఎపిడెర్మోలైసిస్ బుల్లోసా అన్నరు. మాది మేనరికం. మొదటి దవాఖానల (పేరు రాయను) సూది పెట్టి ప్లాస్టర్ అంటించిన్రు, ప్లాస్టర్ తీసినప్పుడు దానితోని తోలు వచ్చింది. ఆ అరుపు ఇంకా చెవులల్ల ఉన్నది. మీరు నర్సులు కదా, మాలాంటోళ్ల పిల్లలు వస్తే ఏం చేస్తరు? ఎవరికన్న తెలుసా?

పాలమూరు_హెడ్‌నర్స్
తమ్ముడూ, తెలుసు. ఇది అందరు నర్సులు చదువుర్రి.

ఈ పిల్లల ఒంటికి ఏ ప్లాస్టర్ అంటించొద్దు. సూదిని మెత్తటి గాజుగుడ్డతోని చుట్టి, దాని మీద బ్యాండేజి ముడి వెయ్యాలె. బీపీ పట్టీ కింద మెత్తటి గుడ్డ మందంగ. ఎత్తేటప్పుడు చంకల కింద చేతులు పెట్టి లేపొద్దు, మెత్తటి స్పాంజి మీదనో దూది పరుపు మీదనో పండబెట్టి ఆ పరుపుతో సహా ఎత్తాలె. బొబ్బ నిండితే అది పక్కలకు పాకుతది, గందుకే శుభ్రమైన సూదితోని అడుగు భాగంల పొడిచి నీరు దించాలె. పైన తోలును మాత్రం పీకొద్దు, అదే కట్టు. ఆ మీద వాజలీన్ పట్టించిన గాజుగుడ్డ, దాని మీద మెత్తటి గుడ్డ. పుండుకు అంటుకున్న గుడ్డ గుంజొద్దు, గోరువెచ్చటి నీళ్లల్ల నానబెట్టి అదే విడిచేదాక ఆగాలె.

అంగీ తిరగేసి తొడుగుర్రి, కుట్లు బయటికి రావాలె. ఎలాస్టిక్ తీసేసుర్రి. మానే పుండ్లకు తిండి కావాలె, గుడ్డు, పప్పు, పాలు ఎక్కువ. నోట్ల పుండ్లుంటే మెత్తగ, చల్లగ చేసి పెట్టుర్రి.

ఇంకో బిడ్డ గురించి ఆలోచిస్తున్నరంటే ముందు హైదరాబాద్ నిమ్స్‌ల జన్యు వైద్య విభాగంల కలువుర్రి. మీ ఇద్దరి రక్తం చూసి చెప్తరు. ఇది ఎవరి పాపం కాదు. ముఖ్యంగ మీ ఇంటామెను ఎవరన్న ఏమన్న అంటే మీరు అడ్డం నిలబడుర్రి.

నకిరేకల్_నాన్న
అక్కా, తిరగేసి తొడుగుడు మాకు ఇన్నేండ్ల నుంచి ఎవరు చెప్పలే. ఇయ్యాల్నే చేసినం. దండాలు.

కొత్త_సిస్టర్_నల్లగొండ
ఇదంతా ప్రింట్ తీసి వార్డుల పెట్టుకుంట. ఒక్క డౌట్. బుగ్గల మీద తెల్లటి మచ్చలతోని స్కూలు పిల్లలు వస్తరు, తల్లులు "కాల్షియం తక్కువ", "నులిపురుగులు" అని టానిక్కు అడుగుతరు.

స్కిన్_పీజీ
ఎక్కువ శాతం పిటిరియాసిస్ ఆల్బా, పొడి చర్మమే. ఎండకాలం చుట్టూ నల్లబడ్తది గనుక తెల్లగ ఎక్కువ కనపడ్తది. వాజలీన్ చాలు, నెలలు పడ్తది. కాల్షియంకు సంబంధం లేదు. నులిపురుగులకు ఆల్బెండజోల్ బడిల ఇచ్చినప్పుడు మింగియ్యుర్రి, కాని మచ్చ కోసం కాదు.

మచ్చ చూసినప్పుడల్లా దూది కొసతోని తాకి "ముట్టుకున్నట్టు తెలుస్తున్నదా" అని కండ్లు మూపించి అడుగుర్రి. స్పర్శ లేకుంటే కుష్టు అనుమానం, వెంటనే పంపాలె, మందు సర్కారు ఉచితంగనే ఇస్తది, ఆరు నెలల నుంచి ఏడాది. మొహం మీద స్పర్శ అంత సులభంగ తెలియదు, అనుమానం ఉంటే మాకు వదిలేసుర్రి.

బడులకు, అంగన్‌వాడీలకు వచ్చే ఆర్‌బీఎస్‌కే టీం (పిల్లల ఆరోగ్యం చూసే సర్కారు టీం) చూసే జాబితల గజ్జి, తామర, ఎగ్జిమా ఉన్నయి. వాళ్లు వచ్చినప్పుడు పిల్లల అంగీ విప్పించి వీపు చూడమని అడుగుర్రి.

పాలమూరు_హెడ్‌నర్స్
చెల్లె, రాత్రి డ్యూటీల ఒక్కదానివే ఉన్నప్పుడు ఇవి చూస్తే తెల్లారేదాక ఆగొద్దు, డాక్టర్‌ను లేపు. జరంతోని ఒళ్లంతా ఎర్రగై, ముట్టుకుంటే బిడ్డ ఏడ్చి, తోలు తడి కాయితం తీరు ఊడుతుంటే. ఏదన్న కొత్త మందు, ముఖ్యంగ ఫిట్స్ గోలీ మొదలుపెట్టిన కొన్ని వారాలల్ల దద్దులు లేచి, నోరు పెదవులు పుండ్లై, కండ్లు ఎర్రగైతే, ఆ మందు తరువాతి డోసు ఇయ్యకుంట ఆపి అడుగు. ఎగ్జిమా పిల్లకు ఉన్నట్టుండి ఒకటే సైజు గుంట పుండ్లు గుంపుగ లేసి జరం వస్తే. ఇంక దద్దుల మీద గాజు గ్లాసు ఒత్తి చూడు, ఒత్తినా ఎరుపు పోకుంటే, జరం ఉంటే, అసలే ఆలస్యం చెయ్యొద్దు.

హాస్టల్_వార్డెన్_వనపర్తి_దిక్కు
అందరికి ఒకటే రాత్రి పెట్టినం, వంటామెతో సహా. రెండోసారి కూడ అయింది. కాని కొందరు ఇంకా గోకుతనే ఉన్నరు. మందు పని చెయ్యలేదని మూడోసారి పెట్టమంటున్నరు తల్లులు.

అచ్చంపేట_ఏఎన్ఎం
పెట్టొద్దు. చచ్చిన పురుగుల మిగులు తోలు లోపల ఉన్నన్ని రోజులు దురద ఉంటది, రెండు నుంచి నాలుగు వారాలు. మందు ఊకె పెడ్తే తోలు ఎండి ఇంకా దురద. కొబ్బరినూనె పెట్టుర్రి, డాక్టర్‌ను అడిగి రాత్రికి దురద గోలీ ఇప్పియ్యుర్రి. కొత్త పొక్కులు, కొత్త గీతలు లేస్తున్నయా అని వారానికొకసారి ఏళ్ల నడుమ చూడుర్రి. లేస్తేనే మల్ల చికిత్స.

హాస్టల్_వార్డెన్_వనపర్తి_దిక్కు
కొత్తవి లేవు. నూనె పెట్టిస్త. సంక్రాంతి సెలవులకు పంపే చీటి ఇప్పుడే రాస్తున్న, తయారైనంక ఇక్కడ పెడ్త, తప్పులుంటే చెప్పుర్రి.